పన్ను కోత అండతో గట్టెక్కిన నిరుద్యోగ భృతి

2011 డిసెంబరు 23న అమెరికా ప్రతినిధుల సభ దాదాపు ఖాళీగా ఉంది. సభ్యుల్లో ఎక్కువమంది క్రిస్మస్‌కు సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. అలాంటి సభలో కొద్ది నిమిషాల్లో, ఓటింగ్ జరగకుండానే, ఎవరూ అడ్డు చెప్పలేదు కాబట్టి ఒక బిల్లు ఆమోదం పొందింది. అధ్యక్షుడు బరాక్ ఒబామా అదే రోజు దానిపై సంతకం చేశారు. దాంతో కొత్త సంవత్సరంలో సుమారు 16 కోట్ల మంది ఉద్యోగుల చేతికొచ్చే జీతం తగ్గకుండా ఆగింది. లక్షలాది నిరుద్యోగులకు వారం వారం అందుతున్న భృతి కూడా నిలిచిపోలేదు. అయితే ఆ ఊరట రెండు నెలలకు మాత్రమే. పైగా దీనిపై ఏకాభిప్రాయం ఉన్నట్టు కూడా కాదు. మూడు రోజుల ముందే ఇదే సభ, సెనేట్ పంపిన ఇదే ప్రతిపాదనను 229-193 ఓట్లతో తోసిపుచ్చింది.

ఆనాటి పత్రికలు దీన్ని ఎక్కువగా డెమోక్రాట్ అయిన ఒబామాకూ, రిపబ్లికన్ల చేతిలో ఉన్న ప్రతినిధుల సభ స్పీకర్ జాన్ బేనర్‌కూ మధ్య జరిగిన పంతంగా చూశాయి. ఎవరు నెగ్గారు, ఎవరు తగ్గారు అన్నదే చర్చ అయింది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే అందులో అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి కనిపిస్తుంది. ఉద్యోగం ఉన్నవారికి ఇచ్చే పన్ను రాయితీ, ఉద్యోగం పోయినవారికి ఇచ్చే భృతి ఒకే బిల్లులో కలిసి నడిచాయి. వాటికి ఒకే గడువు, ఒకే బేరం. ఈ జత కుదిరినంత కాలం భృతి బతికింది. జత విడిపోయిన ఏడాదిలోపే భృతి ఆగిపోయింది. ఎవరి కష్టం చట్టసభను కదిలిస్తుంది, ఎవరి కష్టం కదిలించదు అన్నది ఈ మూడు నాలుగేళ్ల చరిత్ర చూస్తే తెలుస్తుంది.

ముందుగా ఆ బిల్లులో తగ్గించిన పేరోల్ పన్ను, అంటే జీతం మీద పడే పన్ను సంగతి. అమెరికాలో జీతం తీసుకునే ప్రతి ఒక్కరి పే స్లిప్‌లో ఆదాయపు పన్నుతో పాటు మరో రెండు కోతలు ఉంటాయి. వృద్ధాప్య పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీకి జీతంలో 6.2 శాతం, వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌కు 1.45 శాతం పోతాయి. యజమాని కూడా అంతే మొత్తం కడతాడు. ఆదాయపు పన్నులో ఉండే మినహాయింపులేవీ దీనికి వర్తించవు. మొదటి డాలరు నుంచే కోత మొదలవుతుంది. అందుకే ఆదాయపు పన్ను కట్టాల్సినంత సంపాదన లేని కార్మికులు కూడా ఈ పన్ను కడతారు. సోషల్ సెక్యూరిటీ కోతకు మాత్రం ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2011లో అది 1,06,800 డాలర్లు. అంతకు మించిన జీతంపై ఈ పన్ను పడదు.

2010 డిసెంబరు 17న ఒబామా సంతకం చేసిన చట్టం ఉద్యోగి వాటా 6.2 శాతాన్ని 2011 సంవత్సరానికి 4.2 శాతానికి తగ్గించింది. ఏడాదికి 50 వేల డాలర్లు సంపాదించేవారికి వెయ్యి డాలర్లు మిగులుతాయి. రెండు వారాలకొకసారి జీతం తీసుకునేవారి లెక్కలో చెప్పాలంటే విడతకు సుమారు 40 డాలర్లు. ఏడాది తర్వాత శ్వేతసౌధం ప్రచారమంతా ఈ 40 డాలర్ల చుట్టూనే తిరిగింది. ఆ సొమ్ముతో మీ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పండి అని ప్రజలను అడిగితే పెట్రోలు, మందులు, పిల్లల బడి భోజనం అంటూ వేలమంది రాశారు.

ఈ లెక్కలో ఒక అన్యాయం ఉంది. ఈ కోత రావడానికి ముందు 2009, 2010 సంవత్సరాల్లో మేకింగ్ వర్క్ పే అనే రాయితీ ఉండేది. అది ఒక్కో కార్మికుడికి 400 డాలర్ల వరకు ఇచ్చేది. దాని స్థానంలోనే పేరోల్ పన్ను కోత వచ్చింది. జీతంలో రెండు శాతం 400 డాలర్లు కావాలంటే ఏడాదికి 20 వేల డాలర్లు సంపాదించాలి. గంటకు 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనంతో ఏడాదంతా పూర్తికాలం పనిచేసినా వచ్చేది 15,080 డాలర్లే. అందులో రెండు శాతం అంటే 300 డాలర్ల పైచిలుకు. అంటే అట్టడుగున ఉన్న కార్మికుడికి కొత్త రాయితీ పాతదానికంటే వంద డాలర్లు తక్కువ ఇచ్చింది. పరిమితికి పైన సంపాదించేవారికి మాత్రం 2,136 డాలర్లు మిగిలాయి. మధ్యతరగతి ఊరట పేరుతో నడిచిన చర్చలో ఈ తేడాను ఎత్తిచూపినవారు చాలా తక్కువ.

ఇక నిరుద్యోగ భృతి. తెలుగు రాష్ట్రాల్లో ఈ మాట వినగానే ఎన్నికల హామీలు, చదువు ముగించి ఉద్యోగం దొరకని యువత గుర్తొస్తారు. అమెరికాలోది వేరు. అది 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంతో పుట్టిన బీమా. పనిచేస్తూ తన తప్పు లేకుండా ఉద్యోగం పోగొట్టుకున్నవారికే అది దక్కుతుంది. దాదాపు అన్ని రాష్ట్రాల్లో ప్రీమియం కట్టేది యజమానులే. భృతి మొత్తాన్ని, షరతులను రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. ఆ రోజుల్లో వారానికి సగటున వచ్చేది 300 డాలర్లకు అటూఇటూగా ఉండేది. ఎక్కువ రాష్ట్రాల్లో గరిష్ఠంగా 26 వారాలు ఇచ్చేవారు.

మాంద్యం ముదిరినప్పుడు 26 వారాలు చాలవు కాబట్టి ఫెడరల్ ప్రభుత్వం అదనపు వారాలు ఇస్తుంది. 2008 జూన్‌లో మొదలైన అత్యవసర కార్యక్రమం క్రమంగా నాలుగు అంచెలుగా పెరిగి 53 వారాలకు చేరింది. దానికి తోడు నిరుద్యోగం బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకు పొడిగింపు భృతి పేరుతో మరో 20 వారాలు ఉండేవి. అన్నీ కలిపితే 99 వారాలు. 2009 అక్టోబరులో నిరుద్యోగం 10 శాతాన్ని తాకింది. రెండేళ్ల తర్వాత కూడా ఎనిమిదిన్నర శాతం దగ్గరే ఉంది. పని లేనివారిలో ప్రతి పదిమందిలో నలుగురికి పైగా ఆరు నెలలు దాటి వెతుకుతున్నవారే. 2011 చివరి నాటికి ఖాళీగా ఉన్న ఒక్కో ఉద్యోగానికి నలుగురికి పైగా నిరుద్యోగులు ఉన్నారు. ఎంత గట్టిగా వెతికినా నలుగురిలో ముగ్గురికి దొరకదన్నది ఆ అంకె చెప్పే నిజం. సోమరితనం గురించి ఉపన్యాసాలిచ్చిన సభ్యులు ఈ లెక్కకు జవాబు చెప్పలేదు.

2010లో భృతి ఒంటరిగా సభ ముందుకొచ్చినప్పుడు ఏం జరిగిందో చూస్తే తర్వాతి కథ అర్థమవుతుంది. ఆ ఒక్క ఏడాదిలోనే కార్యక్రమం గడువు నాలుగుసార్లు తీరిపోయింది. ఫిబ్రవరి చివరలో కెంటకీ సెనేటర్ జిమ్ బన్నింగ్ ఒక్కరే అడ్డుపడి నెల రోజుల పొడిగింపును ఆపేశారు. జూన్ మొదట్లో మళ్లీ తీరిపోయిన గడువు జులై 22 దాకా తెరుచుకోలేదు. ఆ ఏడు వారాల్లో సుమారు 25 లక్షల మందికి చెల్లింపులు ఆగాయి. సెనేట్‌లో చర్చ ముగించి ఓటింగుకు వెళ్లాలంటే 60 ఓట్లు కావాలి. వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్ జూన్ చివరలో మరణించడంతో ఒక ఓటు తగ్గింది. ఆయన స్థానంలో నియమితుడైన కార్ట్ గుడ్విన్ ప్రమాణం చేసిన కొద్దిసేపటికే జరిగిన ఓటింగులో సరిగ్గా 60 వచ్చాయి. 25 లక్షల కుటుంబాల ఇంటి అద్దె ఒక సెనేటర్ ఖాళీ భర్తీ అయ్యే తేదీ మీద ఆధారపడింది. ఆగిన సొమ్ము తర్వాత బకాయిలతో సహా ఇచ్చినా, ఈలోగా వాయిదా తప్పిన ఇంటి అప్పు, తెగిన కరెంటు వెనక్కి జరగవు.

అదే ఏడాది డిసెంబరులో మాత్రం భృతికి 13 నెలల పొడిగింపు సులువుగా దొరికింది. నిరుద్యోగుల మీద సభకు హఠాత్తుగా జాలి కలగడం దానికి కారణం కాదు. జార్జ్ బుష్ కాలం నాటి ఆదాయపు పన్ను కోతలు ఆ నెలాఖరుతో ముగియబోతున్నాయి. వాటిని అధికాదాయ వర్గాలకు కూడా కొనసాగించాలని రిపబ్లికన్లు పట్టుబట్టారు. దానికి బదులుగా ఒబామా రెండు అడిగారు. ఒకటి భృతి పొడిగింపు, రెండోది పేరోల్ పన్ను కోత. మొత్తం విలువ సుమారు 85,800 కోట్ల డాలర్లు. అప్పటి నుంచి పన్ను కోత, భృతి ఒకే గడువుతో జంటగా నడిచాయి. రెండింటికీ 2011 చివర్లోనే, దాదాపు ఒకేసారి గడువు తీరేలా చట్టం రాశారు.

2011 సెప్టెంబరులో ఒబామా 44,700 కోట్ల డాలర్ల ఉపాధి ప్రణాళికను కాంగ్రెస్ ఉభయసభల ముందు ప్రకటించారు. పేరోల్ పన్నును ఇంకా తగ్గించి 3.1 శాతానికి తేవాలన్నది అందులో ఒక భాగం. ఆ బిల్లు మొత్తంగా ముందుకు సాగలేదు. డిసెంబరు వచ్చేసరికి సెనేట్ డెమోక్రాట్లు ఈ ఒక్క భాగాన్నే పట్టుకున్నారు. ఖర్చు భర్తీకి ఏడాదికి పది లక్షల డాలర్లు మించిన ఆదాయంపై 3.25 శాతం అదనపు పన్ను వేద్దామన్నారు. డిసెంబరు 1న జరిగిన ఓటింగులో దానికి 51 ఓట్లు వచ్చాయి, కావలసినవి 60. అదే రోజు రిపబ్లికన్ల ప్రత్యామ్నాయానికి వచ్చినవి 20 ఓట్లే. సొంత పార్టీ సెనేటర్లలోనే ఎక్కువమంది దాన్ని కాదన్నారు.

పన్నులు పెంచనివ్వబోమని ప్రతిజ్ఞలు చేసిన రిపబ్లికన్లే ఈ పన్ను కోతకు వెనకాడుతున్నారన్నది అప్పట్లో చాలామందిని ఆశ్చర్యపరిచింది. వాళ్ల వాదనలో కొంత పస లేకపోలేదు. ఏడాది పాటు ఉండి పోయే కోతను చూసి ఏ యజమానీ కొత్తగా ఉద్యోగులను తీసుకోడని, అది కేవలం ఖర్చు కోసం ఇచ్చే సొమ్మని వాళ్లు అన్నారు. సోషల్ సెక్యూరిటీ నిధికి గండి పడుతుందన్నది రెండో అభ్యంతరం. ఇందులో వాళ్లకు కొందరు డెమోక్రాట్లు కూడా తోడయ్యారు. అయోవా సెనేటర్ టామ్ హార్కిన్ సభలోనే గట్టిగా వ్యతిరేకించారు.

ఆ భయం అర్థం చేసుకోదగినదే. పన్ను కోత వల్ల పింఛను నిధికి తగ్గే ప్రతి డాలరును సాధారణ ఖజానా నుంచి భర్తీ చేయాలని చట్టంలోనే రాశారు, అలాగే చేశారు కూడా. కాబట్టి ఎవరి పింఛనూ తగ్గలేదు. అయినా ఏడు దశాబ్దాలుగా సోషల్ సెక్యూరిటీకి ఉన్న రాజకీయ రక్షణ ఎక్కడుందంటే, ఇది మా జీతంలోంచి మేం కట్టుకున్న సొమ్ము అని ప్రతి కార్మికుడూ చెప్పగలగడంలో ఉంది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఈ పథకాన్ని ప్రత్యేక పన్నుతో ముడిపెట్టింది అందుకే. సాధారణ ఖజానా నుంచి ఏటా వేల కోట్ల డాలర్లు తెచ్చి పోస్తుంటే, రేపు బడ్జెట్ కోతల కత్తి దాని మీదికి కూడా వస్తుంది. పైగా 2010లో సోషల్ సెక్యూరిటీకి పన్నుల ద్వారా వచ్చిన రాబడి 1983 తర్వాత మొదటిసారి ఖర్చుకంటే తగ్గింది. హార్కిన్ వంటివారి ఆందోళన ఈ నేపథ్యం నుంచి వచ్చిందే.

మన దేశంలో 2020 మే నుంచి జులై వరకు ఉద్యోగుల భవిష్యనిధి చందాను 12 శాతం నుంచి 10 శాతానికి తగ్గించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొవిడ్ కాలంలో చేతికొచ్చే జీతం పెంచడమే అక్కడా ఉద్దేశం. కానీ ఆ మూడు నెలలు పీఎఫ్ ఖాతాలో తగ్గిన సొమ్మును ఎవరూ భర్తీ చేయలేదు. ఉద్యోగి తన రేపటి డబ్బునే ఇవాళ తీసుకున్నాడు. అమెరికాలో భర్తీ జరిగింది కాబట్టి అది నిజమైన రాయితీ అయింది.

2011 డిసెంబరు 13న ప్రతినిధుల సభ సొంత బిల్లును 234-193తో ఆమోదించింది. అందులో పన్ను కోత ఏడాది పాటు ఉంది. దాని వెంట ఇంకెన్నో వచ్చాయి. కెనడా నుంచి ముడిచమురు తెచ్చే కీస్టోన్ ఎక్స్ఎల్ పైప్‌లైన్‌పై ఒబామా 60 రోజుల్లో తేల్చాలి. ఫెడరల్ ఉద్యోగుల జీతాలు పెరగకూడదు. నిరుద్యోగ భృతి గరిష్ఠంగా 99 వారాల నుంచి 59 వారాలకు తగ్గాలి. భృతి కోరేవారికి రాష్ట్రాలు మాదకద్రవ్యాల పరీక్షలు పెట్టవచ్చు. హైస్కూలు పూర్తిచేయనివారు దానికి సమానమైన చదువులో చేరితేనే భృతి ఇవ్వాలి. ముప్ఫై ఏళ్లు కర్మాగారంలో పనిచేసి, యాభై ఐదేళ్ల వయసులో అది మూతపడి రోడ్డున పడ్డ మనిషిని మళ్లీ బడిలో చేరితేనే నీ బీమా సొమ్ము ఇస్తామనడం ఎంత కఠినమో ఆ నిబంధన రాసినవారికి తట్టలేదు. 40 డాలర్లు పొందే ఉద్యోగికి మాత్రం ఏ పరీక్షా లేదు, ఏ షరతూ లేదు.

సెనేట్‌లో డెమోక్రాట్ నాయకుడు హ్యారీ రీడ్, రిపబ్లికన్ నాయకుడు మిచ్ మెకానెల్ ఏడాది పొడిగింపుకు సరిపడా డబ్బు ఎక్కడి నుంచి తేవాలో తేల్చుకోలేక, చివరికి రెండు నెలలకు రాజీపడ్డారు. డిసెంబరు 17న 89-10తో అది నెగ్గింది. సెనేటర్లు సెలవులకు వెళ్లిపోయారు. పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అంతలో ప్రతినిధుల సభలోని రిపబ్లికన్లు, ముఖ్యంగా 2010లో పన్నులు, ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలనే టీ పార్టీ ఉద్యమం ఊపుతో గెలిచినవారు తిరగబడ్డారు. రెండు నెలల కోసం చట్టమేమిటన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. దేశమంతటా కంపెనీల జీతాల లెక్కలు చూసే సంస్థలు కూడా ఇంత తక్కువ వ్యవధిలో, రెండే నెలలకు విధానం మార్చడం కష్టమని చెప్పాయి. పైగా రెండు నెలల్లో 18,350 డాలర్లకు మించి సంపాదించినవారు మించిన భాగంపై మిగిలిన రెండు శాతాన్ని తర్వాత తిరిగి కట్టాలన్న నిబంధన కూడా ఉంది. కాని ఏడాది బిల్లు కావాలంటూ రెండు నెలల బిల్లును కూల్చితే జనవరి 1న పన్ను పెరుగుతుంది, దానికి కారకులు తామే అవుతారు. రిపబ్లికన్లకు అనుకూలంగా రాసే వాల్‌స్ట్రీట్ జర్నల్ సంపాదకీయమే వాళ్లను తీవ్రంగా తప్పుపట్టింది. మెకానెల్ కూడా బహిరంగంగా ఒప్పుకోమన్నారు. డిసెంబరు 22న బేనర్ తలొగ్గారు.

ఈ రెండు నెలల ఊరటకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది చాలామంది గమనించని విషయం. ఇళ్ల రుణాలకు హామీ ఇచ్చే ఫ్యానీ మే, ఫ్రెడీ మ్యాక్ సంస్థలు వసూలు చేసే రుసుమును శాతంలో పదో వంతు పెంచారు. కొత్తగా రెండు లక్షల డాలర్ల ఇంటి అప్పు తీసుకునేవారిపై నెలకు సుమారు 15 డాలర్ల భారం పడుతుందని అప్పటి అంచనా. రెండు నెలల పన్ను కోతకు పదేళ్ల పాటు ఇల్లు కొనేవారు చెల్లించాలన్నమాట. ఆ పదేళ్లూ 2021లో ముగిశాయి. అదే ఏడాది రోడ్లు, వంతెనల కోసం తెచ్చిన మౌలిక వసతుల చట్టంలో ఆ రుసుమును 2032 దాకా పొడిగించారు. తాత్కాలికమని మొదలైన రాయితీ పోయినా, దాని కోసం వేసిన భారం ఉండిపోయింది.

2012 జనవరిలో ఒబామా కీస్టోన్ అనుమతిని నిరాకరించారు. రెండు సభల నుంచి 20 మంది సభ్యులతో ఏర్పడిన ఉమ్మడి కమిటీ, ప్రతినిధుల సభ రిపబ్లికన్ డేవ్ క్యాంప్ అధ్యక్షతన, మిగిలిన పది నెలలపై కూర్చుంది. వారాలు గడిచినా ముడి వీడలేదు. ఫిబ్రవరి 13న రిపబ్లికన్ నాయకులు ఒక్కసారిగా దారి మార్చారు. పేరోల్ పన్ను కోతకు అయ్యే ఖర్చును ఎక్కడా భర్తీ చేయనక్కరలేదని ప్రకటించారు. డిసెంబరు నాటి దెబ్బ మళ్లీ తినకూడదన్నది వాళ్ల లెక్క.

మొత్తం కథలో ఎక్కువసేపు ఆగి చూడవలసిన చోటు ఇదే. భర్తీ అక్కర్లేదన్న మాట పన్ను కోతకే వర్తించింది. దాని ఖర్చు సుమారు 9,300 కోట్ల డాలర్లు. అది నేరుగా లోటులో కలిసింది. అందులో మూడో వంతు కూడా లేని నిరుద్యోగ భృతికి, అంటే సుమారు 3,000 కోట్ల డాలర్లకు మాత్రం ప్రతి డాలరుకూ లెక్క చూపాలన్నారు. మెడికేర్ డాక్టర్ల రుసుముల్లో 27 శాతం కోతను ఆపడానికయ్యే ఖర్చుకూ ఇదే షరతు. భృతికి డబ్బు రెండు దారుల్లో తెచ్చారు. ఒకటి, టీవీ చానళ్ల దగ్గరున్న తరంగాలతో సహా వైర్‌లెస్ స్పెక్ట్రమ్ వేలం. రెండోది, కొత్తగా చేరే ఫెడరల్ ఉద్యోగులు పింఛనుకు కట్టే వాటాను 0.8 శాతం నుంచి 3.1 శాతానికి పెంచడం. ఉద్యోగం పోయినవారికి భృతి కావాలంటే, రేపు ఉద్యోగంలో చేరబోయే గుమస్తా జీతంలోంచి కోయాలి. పది లక్షల డాలర్లు దాటిన ఆదాయాన్ని ముట్టుకోవడం మాత్రం కుదరదు. ఒకే బిల్లులో పక్కపక్కనే ఉన్న రెండు సాయాలకు రెండు రకాల తూకం పెట్టడం కంటే ఆనాటి ప్రాధాన్యాలను స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు.

స్పెక్ట్రమ్ వేలం మాత్రం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ తెచ్చిపెట్టింది. 2015లో ముగిసిన ఒక వేలంలోనే 4,490 కోట్ల డాలర్లు, 2017లో ముగిసిన టీవీ తరంగాల వేలంలో 1,980 కోట్ల డాలర్ల బిడ్లు వచ్చాయి. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది వాడే ఫస్ట్‌నెట్ అనే ప్రత్యేక నెట్‌వర్కుకు 700 కోట్లు కూడా ఈ చట్టం నుంచే వచ్చాయి.

ఫిబ్రవరి 17న ప్రతినిధుల సభ 293-132తో, సెనేట్ 60-36తో ఆ రాజీని ఆమోదించాయి. పన్ను కోత ఏడాది చివరిదాకా యథాతథంగా సాగింది. భృతి వారాలు మాత్రం గరిష్ఠంగా 99 నుంచి ఏడాది చివరికి 73కు తగ్గాయి. అది కూడా నిరుద్యోగం అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లోనే. చదువు నిబంధన పోయింది. మాదకద్రవ్యాల పరీక్ష కొన్ని వృత్తులకు, ఆ కారణంగానే ఉద్యోగం పోయినవారికి పరిమితమైంది.

పొడిగింపు భృతిలో మరో చిక్కు ఉంది. అది అందాలంటే రాష్ట్రంలో నిరుద్యోగం ఎక్కువగా ఉంటే చాలదు, గత సంవత్సరాలతో పోలిస్తే పెరిగి ఉండాలి. మూడేళ్లుగా ఎక్కువ స్థాయిలోనే ఉండిపోతే లెక్క ప్రకారం అది పెరగనట్టే. అలా 2012 మే నెలలో కాలిఫోర్నియాలో, నిరుద్యోగం ఇంకా 10 శాతానికి పైనే ఉండగా, ఆ 20 వారాలు ఆగిపోయాయి. బాధ పాతబడితే బాధ కాకుండా పోతుందన్నట్టు రాసిన నిబంధన అది. ఇంకోవైపు రాష్ట్రాలు తమ 26 వారాలను కూడా కోయడం మొదలుపెట్టాయి. మిచిగన్, మిస్సోరి, సౌత్ కరోలినా 20 వారాలకు తగ్గాయి. ఫ్లోరిడా ఇంకా కిందికి దిగింది.

భృతి ఎక్కువ కాలం ఇస్తే మనుషులు పని వెతకరన్న వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. కొంత ప్రభావం ఉంటుందని దాదాపు అందరు ఆర్థికవేత్తలూ ఒప్పుకుంటారు. ఎంత అన్నదే ప్రశ్న. 2011 మొదట్లో భృతి పొడిగింపుల వల్ల నిరుద్యోగ రేటు 0.1 నుంచి 0.5 శాతం పాయింట్ల వరకు మాత్రమే పెరిగి ఉంటుందని ఒక ప్రముఖ అధ్యయనం తేల్చింది. ఆ కొద్దిలో కూడా కొంత భాగం, ఆశ వదులుకుని వెతకడం మానేయాల్సినవారు భృతి కోసం వెతుకుతూనే ఉండటం వల్ల వచ్చింది. భృతి ఆపేయడం వల్ల 2014లో 18 లక్షల ఉద్యోగాలు పెరిగాయని వాదించిన మరో అధ్యయనం కూడా ఉంది. దాని పద్ధతిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. ఖర్చు విషయంలో మాత్రం కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనాలు స్పష్టంగా ఉన్నాయి. పెట్టిన ప్రతి డాలరుకూ ఆర్థిక వ్యవస్థలో ఎక్కువ కదలిక తెచ్చే చర్యల్లో నిరుద్యోగులకిచ్చే సాయం ముందు వరసలో ఉంది, పేరోల్ పన్ను కోత దాని వెనుక. 300 డాలర్లతో వారం గడపాల్సిన మనిషి ఆ సొమ్మును దాచుకోడు.

అమెరికాలోని తెలుగువారిలో చాలామందికి ఈ చట్టంలో సగమే వర్తించింది. హెచ్1బీ వీసాపై పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ కోత అందరిలాగే పోతుంది కాబట్టి రెండు శాతం ఊరట వారికీ దక్కింది. కానీ ఉద్యోగం పోతే వీసా ఆ యజమానికే కట్టుబడి ఉంటుంది. మరో పనికి వెంటనే సిద్ధంగా ఉన్నారన్న షరతు నెరవేరదు కాబట్టి భృతి సాధారణంగా రాదు. వారి పేరుమీద యజమాని నిరుద్యోగ బీమా పన్ను కట్టినా అంతే. కనీసం పదేళ్లు పన్ను కట్టకముందే తిరిగొచ్చేవారికి పింఛను కూడా దక్కదు. భారత్, అమెరికాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం లేకపోవడం దీనికి కారణం.

2012 చివరికి మళ్లీ అదే గడువు వచ్చింది. ఈసారి పేరోల్ పన్ను కోతను కాపాడాలని రెండు పార్టీల్లోనూ గట్టిగా అడిగినవారు లేరు. 2013 జనవరిలో అది నిశ్శబ్దంగా ముగిసి 6.2 శాతం తిరిగొచ్చింది. ఏడాది క్రితం దేశాన్ని ఊపేసిన 40 డాలర్లు పోయాయని చాలామందికి పే స్లిప్ చూశాకే తెలిసింది. భృతి మాత్రం ఆదాయపు పన్ను బేరంలో భాగంగా మరో ఏడాది నిలిచింది. మళ్లీ ఒక పెద్ద పన్ను చట్టం దాన్ని తన వెంట తీసుకెళ్లింది.

2013 డిసెంబరులో అలాంటి బండి ఏదీ లేదు. సెనేట్ డెమోక్రాట్ ప్యాటీ మర్రీ, ప్రతినిధుల సభ రిపబ్లికన్ పాల్ రయన్ కుదిర్చిన బడ్జెట్ ఒప్పందంలో భృతికి చోటు దొరకలేదు. డిసెంబరు 28న ఫెడరల్ కార్యక్రమం ఆగిపోయింది. ఒక్క రోజులో 13 లక్షల మందికి చెల్లింపులు నిలిచాయి. అంతకుముందు ఏ అత్యవసర భృతి కార్యక్రమాన్నీ దీర్ఘకాల నిరుద్యోగం 1.3 శాతానికి మించి ఉండగా ముగించలేదు. ఈసారి అది సుమారు రెండున్నర శాతం. నిరుద్యోగం అత్యధికంగా ఉన్న రెండు రాష్ట్రాల సెనేటర్లు, రోడ్ ఐలాండ్ డెమోక్రాట్ జాక్ రీడ్, నెవాడా రిపబ్లికన్ డీన్ హెల్లర్ కలిసి మూడు నెలలకు పైగా పోరాడారు. ఖర్చు మొత్తం భర్తీ చేస్తూ రాసిన వాళ్ల బిల్లు 2014 ఏప్రిల్ 7న సెనేట్‌లో 59-38తో నెగ్గింది. బేనర్ దాన్ని ప్రతినిధుల సభలో ఓటింగుకే పెట్టలేదు. రెండేళ్ల ముందు దాదాపు ఇలాంటి బిల్లే ఆయన్ను మూడు రోజుల్లో లొంగదీసింది. అప్పుడు ఆ బిల్లులో 16 కోట్ల మంది జీతం ఉంది. ఇప్పుడు లేదు.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు వరస తిరగబడింది. భృతికి వారానికి 600 డాలర్లు అదనంగా ఇచ్చిన ఏర్పాటు జులై చివర ముగిసింది. పొడిగింపుపై సభలు ఒప్పందానికి రాలేదు. ఆగస్టు 8న డొనాల్డ్ ట్రంప్ పేరోల్ పన్ను వాయిదాకు ఆదేశమిచ్చారు. అది మాఫీ కాదు, మరుసటి ఏడాది తిరిగి కట్టాల్సిన వాయిదా. అందుకే ప్రైవేటు కంపెనీల్లో అత్యధికం దాని జోలికి పోలేదు. జీతమే లేని కోట్లాది మందికి జీతంపై పన్ను తగ్గించి ఏం లాభమని చాలామంది ప్రశ్నించారు. 2011లో ఈ ప్రశ్న ఎవరూ ఇంత సూటిగా అడగలేదు.

రాష్ట్రంలో నిరుద్యోగ రేటు పెరగగానే భృతి వారాలు వాటంతటవే పెరిగి, తగ్గగానే తగ్గే శాశ్వత ఏర్పాటు కావాలని ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ దిశగా బిల్లులు వచ్చాయి, ఒక్కటీ చట్టం కాలేదు. ఫెడరల్ నిరుద్యోగ పన్ను ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి ఏడు వేల డాలర్ల మీదే పడుతుంది. 1983 నుంచి ఆ అంకె మారలేదు. ఫ్లోరిడా, నార్త్ కరోలినాల్లో మామూలు రోజుల్లో భృతి 12 వారాలు మించదు. తర్వాతి మాంద్యం వచ్చినప్పుడు అక్కడి కార్మికులకు చర్చ మొదలయ్యేది 26 వారాల దగ్గర కాదు, 12 దగ్గర.